సినిమా అయిపోయాక ఇంట్లో ఎవరు మాట్లాడారు?

(సంఘం ఆన్‌లైన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను సినిమాల గురించి మాట్లాడతానన్నాను. కొంచెం నవ్వారు. హాస్టల్ వార్డెన్ అంటే టీవీ ఆపేసే మనిషి కదా, ఈమె సినిమాలు చూడమని చెప్పడమేంటని. నిజమే, స్టడీ అవర్‌లో టీవీ ఆపేది నేనే. కానీ దసరాకు, సంక్రాంతికి ఇంటికి పోయే పిల్లల చేతిలో ఒక చీటీ పెట్టేదీ నేనే. అందులో కొన్ని సినిమాల పేర్లుంటాయి. ప్రతి పేరు పక్కన ఎవరితో కూచుని చూడాలో కూడా రాసి ఉంటుంది. ఇవాళ ఆ చీటీనే మీకు చదివి వినిపిస్తాను.

ముందు ఒక మాట. హీరో సినిమాలు చూడొద్దని చెప్పడానికి నేను రాలేదు. పాటలకు, ఫైట్లకు నేనూ ఈలలు విన్నదాన్నే, మేం కూడా మీ వయసు దాటే వచ్చాం. నా బాధ వేరే. ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు. తమ్ముడు ఒక మూల రీల్స్ చూస్తుంటాడు, అక్క ఇంకో మూల సీరియల్ చూస్తుంటుంది. దాది గడపలో ఒక్కతే కూచుంటుంది. దేవరకొండ వైపైనా, అచ్చంపేట వైపైనా ఇవాళ ఏ తండాకు పోయినా రాత్రి ఎనిమిదింటికి ఇదే కనబడుతుంది. మనిషి పక్కనే ఉంటాడు, మాట మాత్రం ఉండదు.

అందుకని నేను మంచి సినిమాకు ఒక గుర్తు పెట్టుకున్నాను. సినిమా అయిపోయాక ఇంట్లో ఎవరో ఒకరు నోరు విప్పాలి. "మా కాలంలో కూడా ఇట్లనే అయింది" అనాలి. లేదా "ఇది అబద్ధం, అట్ల కాదు" అనాలి. ఏదైనా సరే, మాట మొదలవ్వాలి. అది మొదలైతే ఆ సినిమా మన ఇంటికి పనికొచ్చినట్టు.

మనల్ని తెర మీద ఎట్లా చూపించారో మీకు తెలుసు. లంబాడీ అమ్మాయి అంటే అద్దాల కాంచళి, ఫేటియా వేసుకుని ఒక పాటకు ఆడిపోయే మనిషి. ఆ అమ్మాయికి పేరుండదు, ఊరుండదు, పాట అయిపోయాక ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. చెంచు అంటే ఈకలు, పూసలు. 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’ చూడండి, అంజలీదేవి, నాగేశ్వరరావు ఎంతో చక్కగా చేశారు. చెంచులకు నరసింహస్వామి అల్లుడనే నమ్మకం మీద అల్లిన కథ అది. ముచ్చటైన సినిమానే. కానీ మన్ననూరు, అమ్రాబాద్ దగ్గర పెంటల్లో ఉండే చెంచు మనిషి అందులో కనబడడు. తేనెకు కొండచరియ మీద తాడు కట్టి దిగే మనిషి బతుకు అందులో లేదు. కాబట్టి మనవాళ్ళు కనిపించారు కదా అని ఒక సినిమా మన సినిమా అయిపోదు. అందులో ఉన్నది మనిషా, వేషమా అన్నది చూసుకోవాలి.

ఇక చీటీ చదువుతాను.

మొదటిది ‘మా భూమి’. తాతతో కూచుని చూడండి. 1979లో తీశారు. దర్శకుడు గౌతమ్ ఘోష్, బెంగాలీ ఆయన, ఆయన మొదటి కథా చిత్రం ఇదే. నిర్మాతల్లో ఒకరు మన బి. నర్సింగరావు. కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల దీనికి ఆధారం. నిజాం కాలంలో దొరల మీద, వెట్టి మీద మన పల్లెలు తిరగబడిన కథ ఇది. సాయిచంద్ రామయ్యగా నటించాడు. గద్దర్ తెర మీద కనిపించి పాడతాడు. పశువులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట ఉంది. ఆ పాట వచ్చినప్పుడు ముసలివాళ్ళ మొహాలు చూడండి.

మనం ప్రత్యేకంగా చూడాల్సింది చంద్రిని. రామయ్య ఇష్టపడిన లంబాడీ పిల్ల. ఆమె ఒక పాటకు ఆడిపోదు. ఆమె పేదరికం, ఆమె మీద దొర చెయ్యి పడటం, దానికి రామయ్య మనసు విరగడం, అన్నీ కథలో భాగమే. నలభై ఏళ్ళు దాటిన సినిమాలో లంబాడీ ఆడపిల్లను మనిషిగా చూపించారు, తరవాత వచ్చిన ఎన్నో సినిమాలు ఆ పని చెయ్యలేదు.

ఈ సినిమాలో లేనిది మీ తాత చెప్పాలి. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అక్కడ ధర్మాపురం దగ్గర లంబాడీలు సాగు చేసుకున్న భూములను విసునూరు దేశ్‌ముఖ్ కుటుంబం గుంజుకుంది. లంబాడీలు ఎదురు తిరిగారు. జాటోతు ఠానునాయక్ ఆ పోరాటంలో ప్రాణమిచ్చాడు. మీ పాఠ్యపుస్తకంలో ఆయన గురించి ఎన్ని వాక్యాలున్నాయో మీరే చూసుకోండి. తండాలో మాత్రం ఆయన పేరు విన్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఆ కొందరికి ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ళు. వచ్చే దసరాకు అడుగుదాంలే అనుకుంటే, వచ్చే దసరాకు వాళ్ళుండకపోవచ్చు.

రెండోది ‘పూర్ణ’. దీన్ని బాపుతో, మేనమామతో కూచుని చూడండి. ఎందుకో చెప్తాను.

మాలావత్ పూర్ణ గురించి మీకందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, మన లంబాడీ కూలీ కుటుంబం బిడ్డ. గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల ఇంకొకరు లేరు. ఆమెతోపాటు ఖమ్మం పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆమె బండలెక్కడం నేర్చుకున్నది ఎక్కడో కాదు, మన భువనగిరి గుట్ట మీద. బస్సులో పోతూ మీరు ఎన్నోసార్లు చూసిన ఆ గుట్టే. రాహుల్ బోస్ తీసిన ఈ సినిమా 2017 మార్చిలో వచ్చింది. మాట హిందీ.

అందరూ దీన్ని కొండ ఎక్కిన కథ అంటారు. నేను పిల్లలకు అట్లా చెప్పను. అందులో పూర్ణతోపాటు పెరిగిన ప్రియ అనే చుట్టాల పిల్ల ఉంది. ఇద్దరూ ఒకే తీరు పిల్లలు, ఒకే తీరు తెలివి. ఒకరు హాస్టల్‌కు పోయారు, ఒకరికి పెళ్ళి చేశారు. తరవాత ఆ ఇద్దరికీ ఏమైందో మీరు చూడండి. పూర్ణకు వచ్చిన పేరు చూసి మనం చప్పట్లు కొడతాం. మన తండాల్లో ప్రియలే ఎక్కువ.

ఒక సంగతి చెప్తాను, పేర్లు వద్దు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయింది. ఇంట్లో సంబంధం మాట నడుస్తోందని దానికి ముందే తెలుసు. చీటీలో పేరు చూసి ఒక రాత్రి బాపును, మామను కూచోబెట్టి ఈ సినిమా పెట్టింది. హిందీ వాళ్ళకు సగం సగమే వచ్చు. పిల్ల పక్కన కూచుని గోర్‌బోలిలో చెప్పుకుంటూ పోయింది. సినిమా మధ్యలో బాపు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "మాలావత్ వాళ్ళంటే మనకు వియ్యపు వరసా, అన్నదమ్ముల వరసా?" అని. అంటే అప్పటికే ఆ పిల్ల వాళ్ళకు పరాయిది కాదు. ప్రియ సంగతి వచ్చేసరికి మామ లేచి బయటికి పోయాడు. వాళ్ళ అక్క కాన్పులో పోయింది, పదిహేడేళ్ళకు. ఆ ఇంట్లో ఆ మాట ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి ఎత్తారు.

సినిమా వల్లనే పెళ్ళి ఆగిందని నేను చెప్పను. తరవాత నేను పోయాను, అంగన్‌వాడీ టీచరమ్మ పోయింది, తండా పెద్దలు ఇద్దరు మాట్లాడారు, పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే కేసవుతుందని కూడా చెప్పాం. కానీ తలుపు తెరిచింది ఆ రాత్రి మాట. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మీలో ఎవరికైనా అట్లాంటి అవసరం వస్తే 1098 నంబరు గుర్తు పెట్టుకోండి. సినిమా మాట మొదలుపెడుతుంది, మిగతాది మనుషులు చెయ్యాలి.

మూడోది ‘మల్లేశం’. యాడితో కూచుని చూడండి. 2019లో వచ్చింది. ప్రియదర్శి నటించాడు, రాజ్ ఆర్ దర్శకుడు. ఆలేరు ప్రాంతపు చేనేత బిడ్డ చింతకింది మల్లేశం కథ. పోచంపల్లి చీర నెయ్యడానికి ముందు ఆసు పొయ్యాలి. దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకు వేల సార్లు. తల్లి భుజం నొప్పి చూడలేక చిన్నప్పుడే బడి మానేసిన ఆ పిల్లవాడు ఏళ్ళ తరబడి తిప్పలు పడి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పదో తరగతి తప్పి ఇంట్లో కూచున్న తమ్ముళ్ళు ఇది తప్పకుండా చూడాలి. "నాకేం రాదు" అనే మాటకు ఇందులో జవాబుంది. కానీ నేను యాడితో చూడమన్నది దానికోసం కాదు. సినిమా అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి. "యాడీ, నీకెక్కడ నొప్పి?" అని. పత్తి ఏరి ఏరి నడుము, నాట్లు వేసి వేసి కాళ్ళు, నీళ్ళు మోసి మోసి మెడ. మన యాడీలను ఈ మాట అడిగినవాళ్ళు లేరు. అడిగి చూడండి, ఎంతసేపు చెప్తుందో.

నాలుగోది ‘మట్టి మనుషులు’. బి. నర్సింగరావు 1990లో తీసిన సినిమా, అర్చన నటించింది. పల్లె విడిచి పట్నానికి పోయి ఇళ్ళు కట్టే పనిలో నలిగిపోయే కూలీల కథ. పాలమూరు లేబర్ అనే మాట ఎట్లా పుట్టిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పూనా పోయినవాళ్ళు మన ప్రతి తండాలో ఉన్నారు. డ్యాములు కట్టారు, రోడ్లు వేశారు. పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి పోయారు, లేదంటే ఇసుక కుప్పల పక్కన పడుకోబెట్టారు. ఆ పని చేసి వచ్చినవాళ్ళతో కూచుని దీన్ని చూడండి. ఏ ఊళ్ళో ఏ బిల్డింగు కట్టారో, కూలి ఎంత ఎగ్గొట్టారో, ఎవరు తిరిగి రాలేదో చెప్తారు. మీరు చదువుకునే ఫీజు ఏ ఇటుకల మీద నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇది నిదానంగా నడిచే సినిమా. మొదటి పావుగంట ఓపిక పట్టండి.

అదే దర్శకుడు 1988లో తీసిన ‘దాసి’ కూడా ఉంది. పెళ్ళికూతురి వెంట గడీకి పంపిన ఆడబాప కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దుస్తులకు జాతీయ అవార్డు తెచ్చుకున్న కళాకారుడు మన మిర్యాలగూడ ఆయనే, ఆ సినిమా పేరే ఆయనకు ఇంటిపేరైపోయి దాసి సుదర్శన్ అయ్యాడు. ఇది పద్దెనిమిది దాటిన ఆడపిల్లలు చూడాల్సిన సినిమా. వీలైతే యాడితో, పెద్దమ్మతో చూడండి.

ఐదోది ‘జై భీమ్’. ఇది చాలామంది చూసే ఉంటారు. 2021 నవంబరులో నేరుగా ఫోన్లలోకే వచ్చింది, తెలుగులో కూడా ఉంది. టి.జె. జ్ఞానవేల్ దర్శకుడు. 1993లో తమిళనాడులో చంద్రు అనే లాయరు వాదించిన కేసు దీనికి ఆధారం. ఆయన తరవాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. పోలీసులు కొట్టే సన్నివేశాలు చాలా కఠినంగా ఉంటాయి, చిన్నపిల్లలను పక్కన కూచోబెట్టుకోకండి.

చూసినవాళ్ళు మళ్ళీ చూడండి, ఈసారి సూర్యను కాదు, సెంగేనిని చూడండి. నెలలు నిండిన మనిషి, చదువు రాదు, భర్త ఏమయ్యాడో తెలియదు. డబ్బు తీసుకుని కేసు వదిలెయ్యమంటే ఆమె వద్దంటుంది. మొదటి సన్నివేశంలో జైలు గేటు ముందు కులం అడిగి మనుషులను వేరు చెయ్యడం చూడండి. 1871లో బ్రిటిష్ వాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. పుట్టుకతోనే దొంగ అనే ఆ ముద్ర పోవడానికి చట్టం పోతే సరిపోలేదు. ఎరుకల తమ్ముళ్ళు ఈ మాట నాకంటే బాగా చెప్తారు. సినిమాలో రాత్రిపూట పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే టీచరమ్మ కూడా ఉంది. మీలో డిగ్రీ చదివేవాళ్ళు ఆ పని మీ తండాలో చెయ్యగలరు. హెబియస్ కార్పస్ అంటే ఏంటో ఇంట్లోవాళ్ళకు మీ మాటలో చెప్పి చూడండి. చెప్పగలిగితే అర్థమైనట్టు.

దీని పక్కనే ‘ఫాండ్రీ’ పెట్టుకోండి. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా. కైకాడీ కుటుంబం, జబ్యా అనే బడిపిల్లవాడు. కైకాడీ మాట మన ఎరుకల మాటకు చుట్టం. ఫాండ్రీ అంటే ఆ మాటలో పంది. ఊళ్ళో పంది తిరిగితే దాన్ని పట్టడానికి ఈ కుటుంబాన్నే పిలుస్తారు. బడి పక్కనే, తోటి పిల్లలంతా చూసి నవ్వుతుంటే, పంది దాదాపు చేతికి చిక్కుతుంది. అంతలో బడిలో జాతీయగీతం మొదలవుతుంది. కుటుంబమంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. పంది నింపాదిగా పోతుంది. ఆ ఒక్క నిమిషం మీద నేను హాస్టల్లో ఒక గంట క్లాసు చెప్పాను, ఇంకా మాటలు మిగిలాయి. ఆఖర్న జబ్యా విసిరే రాయి ఎవరి మీదికి వస్తుందో చూడండి.

ఆరోది ఒకటి కాదు, రెండు. కొమరం భీమ్ మీద. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022లో అందరం చూశాం, ప్రపంచమంతా చూసింది. అది కల్పన, దర్శకుడే చెప్పాడు. అల్లూరి 1924లో పోయారు, భీమ్ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు, ఇద్దరూ కలిసిన ఆధారం లేదు. కల్పన తప్పని నేను అనను. కానీ ఆఖర్న భీమ్ తన మిత్రుణ్ణి చదువు చెప్పమని అడుగుతాడు. గుర్తుందా? భీమ్ జీవిత కథలు వేరే మాట చెప్తాయి. ఇల్లు విడిచి చాందా పట్నం పోయి, విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని. ఒకరు దయతో ఇచ్చిన అక్షరానికి, పని చేసుకుంటూ నేర్చుకున్న అక్షరానికి తేడా లేదా? అల్లాణి శ్రీధర్ తీసిన ‘కొమరం భీమ్’ 1990లో తయారైంది, థియేటరుకు వచ్చేసరికి 2010 అయింది. రెండూ చూడండి. అన్నదమ్ములు, దోస్తులు కలిసి చూసి కొట్లాడుకోండి. ఆ కొట్లాట మంచిది.

ఏడోది చిన్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళతో చూడాల్సింది, ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. ఇరాన్ సినిమా, మాజిద్ మాజిదీ 1997లో తీశాడు. అన్న చేతిలో చెల్లెలి బూట్లు పోతాయి. కొనమని నాన్నను అడిగే పరిస్థితి లేదు. ఒక్క జత బూట్లు ఇద్దరూ మార్చుకుంటూ బడికి ఉరుకుతారు. మూడో బహుమతి బూట్లని తెలిసి ఆ పిల్లవాడు పరుగు పందెంలో పాల్గొంటాడు. అతనికి మొదటి బహుమతి వద్దు, మూడోదే కావాలి. ఏమవుతుందో చెప్పను. పారశీకం ఒక్క ముక్క రాని మా మూడో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. లేమి అనేది మన తండాకే పట్టిన శాపం కాదని, దూరదేశంలో కూడా పిల్లలు ఇట్లనే ఉరుకుతారని వాళ్ళకు తెలిసింది.

ఇప్పుడు ఎట్లా చూడాలో చెప్తాను. దొంగ కాపీలు వద్దు. కొన్ని యూట్యూబ్‌లో దొరుకుతాయి, కొన్నిటికి ఎవరి దగ్గరైనా ఓటీటీ ఉంటే సరిపోతుంది. టీవీ లేకపోతే ఫోను చాలు. ఫోనును ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టండి, సౌండు పెరుగుతుంది. ఒక్క రాత్రిలో పూర్తి చెయ్యాలని లేదు, పొద్దున్నే కూలికి పోయేవాళ్ళుంటారు, రెండు రాత్రులు చూడండి. ఎవరైనా మాట్లాడితే వెంటనే ఆపండి. సినిమా రేపైనా ఉంటుంది, ఆ మాట మళ్ళీ రాకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, భాష. హిందీ, మరాఠీ, పారశీకం అని భయపడకండి. కింద వచ్చే అక్షరాలు మీరు చదవగలరు. దాది చదవలేదు. మీరు చదివి గోర్‌బోలిలో చెప్పాలి. నేను టీచరు ట్రైనింగ్ చేసినదాన్ని, ఒక్క మాట నమ్మండి: ఒక భాషలో చదివి, ఇంకో భాషలో వెంటవెంటనే చెప్పడం కంటే మంచి చదువు లేదు. అప్పుడే తెలుస్తుంది, "న్యాయం" అనడానికి మన మాటలో ఏమంటామో మీకు రాదని. దాది చెప్తుంది. మన మాటకు సొంత లిపి లేదు. అది మాట్లాడితేనే ఉంటుంది. పట్నంలో చదివే పిల్లలు ఇంటికొచ్చి తెలుగులోనే మాట్లాడితే, ఇంకో తరానికి అది దాదులతోనే పోతుంది.

ఆఖరుకు ఒక పని అప్పగిస్తున్నాను, హోంవర్క్ అనుకోండి. వచ్చే సెలవుల్లో ఈ చీటీలోంచి ఒక్కటి, ఒక్కటే, ఇంట్లోవాళ్ళతో కూచుని చూడండి. మరునాడు అర పేజీ రాయండి. సినిమా కథ రాయొద్దు, అది అందరికీ తెలుసు. చూసినప్పుడు ఇంట్లో ఎవరు ఏం మాట్లాడారో రాయండి. తాత ఏం గుర్తు చేసుకున్నాడు, బాపు ఎక్కడ లేచిపోయాడు, యాడి ఎక్కడ నవ్వింది. సంఘం పెద్దలు వాటిని వచ్చే సావనీరులో వేస్తామని ఇప్పుడే ఒప్పుకున్నారు, మీరంతా సాక్షి. మీరు రాసి పంపండి, తప్పొప్పులు దిద్దే పని నాది.